మన మాత్రల్లో ఉన్న మనిషి: యల్లాప్రగడ సుబ్బారావు

పదార్థం, దాని మార్పులు. ఈ చాప్టర్ మనందరం ఏదో ఒక క్లాసులో చదివినవాళ్లమే. మంచు కరగడం భౌతిక మార్పు, కాగితం కాలడం రసాయన మార్పు. కరిగిన మంచుని మళ్లీ గడ్డ కట్టించొచ్చు, కాలిన కాగితాన్ని మళ్లీ కాగితం చేయలేం. రెండు మార్కుల ప్రశ్న. రాశాం, మర్చిపోయాం. సీఎస్‌ఈలో చేరినవాళ్లకైతే కెమిస్ట్రీ ఫస్టియర్‌తోనే సరి.

కానీ మనం చదువుకునే ప్రాంతం మాత్రం ఆ చాప్టర్‌ని వదిలిపెట్టదు. ముత్తంగి, ఇస్నాపూర్, పాశమైలారం, ఇటు బొల్లారం, గడ్డపోతారం, ఎటు చూసినా ఫ్యాక్టరీలే. వాటిల్లో చాలావాటి పని ఒక్కటే: ఒక పదార్థాన్ని తీసుకుని ఇంకో పదార్థంగా మార్చడం. ఒక గేటు నుంచి డ్రముల్లో ద్రావకాలు లోపలికి వెళ్తాయి, ఇంకో గేటు నుంచి తెల్ల పొడి బయటికి వస్తుంది. ఆ పొడి ఎక్కడో మాత్ర అవుతుంది, ఎవరి ఒంట్లోనో కరుగుతుంది. రాత్రిపూట గాలి ఇటు తిరిగిందంటే మనం హాస్టల్ కిటికీలు మూసుకుంటాం. అంతకు మించి ఆలోచించం.

ఇలాంటి పొడులు కొన్ని ప్రపంచంలోకి రావడానికి కారణమైన ఒక తెలుగాయన ఉన్నారు. పేరు యల్లాప్రగడ సుబ్బారావు. పేరు చాలామంది వినే ఉంటారు, కాంపిటీటివ్ ఎగ్జామ్ బిట్‌లో అయినా. కానీ ఆయన కథ పూర్తిగా తెలిసినవాళ్లు తక్కువ. తెలుసుకోవాల్సిన కథ అది. ముఖ్యంగా ఫైనలియర్ అవ్వగానే ఎమ్మెస్‌కి వెళ్దామని జీఆర్ఈ పుస్తకాలు ముందేసుకున్నవాళ్లకి.

భీమవరం నుంచి పారిపోయిన పిల్లాడు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. నాన్న జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం బాగోక తొందరగానే ఉద్యోగం మానేశారు. అమ్మ వెంకమ్మ. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవాడు. ఇంట్లో డబ్బులకి కటకట.

చదువులో మొదట్లో పెద్ద ఆసక్తి లేదు. 13 ఏళ్లప్పుడు ఇంట్లోంచి పారిపోయారు. ఎక్కడికో తెలుసా? కాశీకి. అక్కడ యాత్రికులకి అరటిపళ్లు అమ్మి బోలెడంత డబ్బు సంపాదించాలని ప్లాన్. ఇప్పటి భాషలో చెప్పాలంటే స్టార్టప్ ఐడియా. దారిలోనే పట్టుకుని వెనక్కి తీసుకొచ్చారు. నాన్న పోయాక ఇల్లు ఇంకా కష్టాల్లో పడింది. వెంకమ్మ గారు మాత్రం కొడుకు చదువు ఆపడానికి ఒప్పుకోలేదు. నగలు అమ్మి మరీ చదివించారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ పాస్ కాలేదు. మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి పాసై, ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చేశారు.

బ్యాక్‌లాగ్ ఉంటే జీవితం అయిపోయిందనుకునే మన కారిడార్లలో ఈ విషయం గట్టిగా చెప్పుకోవచ్చు. మూడోసారి పాసైన కుర్రాడు తర్వాత హార్వర్డ్‌లో పీహెచ్‌డీ చేశాడు.

మద్రాసులో ఉండగా ఆయన మనసు సన్యాసం మీదికి వెళ్లింది. రామకృష్ణ మిషన్‌లో చేరాలనుకున్నారు. అమ్మ అనుమతి కావాలన్నారు అక్కడివాళ్లు. అమ్మ ససేమిరా అంది. సన్యాసం కుదరకపోతే వైద్యం చదివి సేవ చేద్దామని మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఫీజులకి స్నేహితులు సాయం చేశారు. అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు కూడా ఆదుకున్నారు. ఆయన కూతురు శేషగిరితోనే 1919 మే 10న సుబ్బారావు పెళ్లయింది.

అవి గాంధీ పిలుపుతో విదేశీ బట్టలు వదిలేస్తున్న రోజులు. సుబ్బారావు ఖద్దరు సర్జికల్ గౌను వేసుకుని కాలేజీకి వెళ్లారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి అది నచ్చలేదు. మిగతా పేపర్లు బాగా రాసినా, చివరికి ఆయన చేతికి వచ్చింది పూర్తి ఎంబీబీఎస్ కాదు, దానికన్నా తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ సర్టిఫికెట్. ఒక గుడ్డ ముక్క ఖరీదు ఒక డిగ్రీ. మద్రాసు మెడికల్ సర్వీసులో చేరదామంటే అదీ కుదరలేదు. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కాలేజీలో అనాటమీ లెక్చరర్‌గా చేరారు.

ఎనిమిది రోజుల్లో ఇద్దరు

ఈ మధ్యలో ఇంట్లో ఒక దెబ్బ తగిలింది. స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు పోయారు. ఇద్దరి మధ్య తేడా ఎనిమిది రోజులు. స్ప్రూ అంటే పేగులు తిన్నదాన్ని ఒంటికి పట్టించుకోలేని జబ్బు. తిన్నా బలం రాదు, విరేచనాలు ఆగవు, రక్తం పల్చబడిపోతుంది, మనిషి రోజురోజుకీ ఎండిపోతాడు. కొన్నాళ్లకి అదే జబ్బు సుబ్బారావుకీ వచ్చింది. ఆయుర్వేద వైద్యంతో ఆయన బయటపడ్డారు.

అన్నం తింటున్నారు. అన్నంలో ఉండాల్సినవన్నీ ఉన్నాయి. అయినా ఒంట్లో అన్నం రక్తంగా మారడం లేదు. మధ్యలో ఏదో ఒక లింకు తెగింది. ఆ లింకు ఏంటన్నది అప్పటికి ప్రపంచంలో ఎవరికీ తెలీదు. ఈ ప్రశ్న ఆయన్ని వదల్లేదు.

ఉష్ణదేశాల జబ్బుల గురించి చదవాలని హార్వర్డ్‌కి రాశారు. సీటు వచ్చింది గానీ స్కాలర్‌షిప్ రాలేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ చారిటీస్ సాయం, మామగారి సాయం కలిపి ఓడెక్కారు. 1922 అక్టోబర్ 26న బోస్టన్‌లో దిగారు. వయసు 27. ఇంటి దగ్గర శేషగిరి గర్భవతి. చదువు కాగానే తిరిగొచ్చేయాలన్నదే అప్పటి ఉద్దేశం.

పగలు లాబ్, రాత్రి వార్డు

మన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్‌కి అక్కడ విలువ లేదు. డాక్టర్‌గా పనిచేయనివ్వరు. అందుకని ఒక హాస్పిటల్‌లో రాత్రి డ్యూటీ పోర్టర్‌గా చేరారు. పేషెంట్ల మలమూత్రాల పళ్లేలు తీసి కడగడం దగ్గర్నుంచి అన్నీ చేశారు. పార్ట్ టైం జాబ్ కష్టాలు ఈ రోజుల్లోనే మొదలవలేదు.

ట్రాపికల్ మెడిసిన్ డిప్లొమా అయ్యాక హార్వర్డ్ మెడికల్ స్కూల్‌లోనే బయోకెమిస్ట్రీ విభాగంలో చేరారు. అక్కడ సైరస్ ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి పనిచేశారు. ఆయనకి అప్పగించిన పని వినడానికి చాలా చప్పగా ఉంటుంది: రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే మంచి పద్ధతి తయారుచేయడం. అప్పటిదాకా ఉన్న పద్ధతులు నిదానం, పైగా తప్పులు ఎక్కువ.

నీలం రంగు ఎందుకు లేటవుతోంది?

1925లో ఫిస్క్, సుబ్బారావు కలిసి ప్రచురించిన పద్ధతి ఇలా పనిచేస్తుంది. శాంపిల్‌లో ఉన్న ఫాస్ఫేట్‌కి ఆమ్లంలో కలిపిన మాలిబ్డేట్ అనే రసాయనం చేరుస్తారు. రెండూ కలిసి ఒక కొత్త సమ్మేళనం అవుతుంది. దానికి ఎలక్ట్రాన్లు ఇచ్చే ఇంకో రసాయనం కలిపితే ద్రావణం నీలంగా మారుతుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. ఆ చిక్కదనాన్ని తెలిసిన శాంపిల్‌తో పోల్చి చూస్తే అంకె దొరుకుతుంది. కంటికి కనపడని పదార్థాన్ని కంటికి కనపడే రంగుగా మార్చి కొలవడం అన్నమాట. ఇంత సింపుల్ పద్ధతి కాబట్టే ఏళ్ల తరబడి ప్రపంచమంతా వాడింది. బయోకెమిస్ట్రీ చదివేవాళ్లకి ఫిస్క్-సుబ్బారావు మెథడ్ అనే పేరు ఇప్పటికీ తగులుతుంది.

అసలు కథ తర్వాత మొదలైంది. ఇదే పద్ధతిని కండరాల మీద వాడి చూశారు. నీలం రంగు రావాల్సినంత తొందరగా రాలేదు. మెల్లమెల్లగా చిక్కబడుతూ పోయింది. కోడ్ రాసేవాళ్లకి ఈ పరిస్థితి బాగా తెలుసు: అవుట్‌పుట్ కరెక్టే, కానీ లేటుగా వస్తోంది. చాలామంది ఏమంటారు? మెషీన్ స్లో, వదిలేయ్ అంటారు. వీళ్లు వదల్లేదు. ఎందుకు లేటవుతోందని వెతికారు.

కారణం ఏంటంటే, కండరంలో ఉన్న ఫాస్ఫేట్ అంతా విడిగా లేదు. కొంత భాగం వేరే పదార్థానికి అతుక్కుని ఉంది. ఆ బంధం చాలా బలహీనం. ఆమ్లం తగలగానే కొద్దికొద్దిగా తెగుతూ ఫాస్ఫేట్‌ని వదులుతోంది. అందుకే రంగు మెల్లగా పెరుగుతోంది. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఫిస్క్, సుబ్బారావు దీన్ని బయటపెట్టారు. అదే కాలంలో ఇంగ్లండ్‌లో ఎగ్‌ల్‌టన్ దంపతులు కూడా విడిగా ఇదే పదార్థం జాడ పట్టుకున్నారు.

దీని వల్ల ఏమైంది? కండరం కదలడానికి శక్తి ఎక్కడిదన్న ప్రశ్నకి అప్పట్లో లాక్టిక్ యాసిడ్ అనే జవాబు ఉండేది. కండరాల మీద పరిశోధనకి హిల్, మేయర్‌హాఫ్‌లకి 1922 నోబెల్ కూడా వచ్చింది. ఫాస్ఫోక్రియాటిన్ దొరికాక ఆ జవాబు మార్చుకోవాల్సి వచ్చింది. వంద మీటర్ల పరుగులో మొదటి కొన్ని సెకన్లు మన కాళ్లని నడిపేది ఈ పదార్థమే.

1929లో ఇంకో అడుగు. కండరం నుంచి ఇంకో ఫాస్ఫేట్ సమ్మేళనాన్ని వేరుచేశారు. ఒక అడినిన్, ఒక చక్కెర, వరసగా మూడు ఫాస్ఫేట్లు. అదే ఏటీపీ. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది దీన్ని కనిపెట్టి కొంచెం ముందు ప్రచురించారు, కాబట్టి ఇద్దరికీ వాటా ఉంది. ఇంటర్ బైపీసీ వాళ్లు వందసార్లు రాసిన పదం ఇది. ఎంపీసీ వాళ్ల కోసం ఒక్క మాట: ఏటీపీ చివరి ఫాస్ఫేట్ ఊడినప్పుడు వచ్చే శక్తితోనే మన కణాలు దాదాపు అన్ని పనులూ చేసుకుంటాయి. ఊడిన ఫాస్ఫేట్‌ని, మనం తిన్న అన్నం నుంచి వచ్చిన శక్తితో మళ్లీ అతికిస్తాయి. చార్జింగ్, డిశ్చార్జింగ్. ఒక్కో క్షణంలో మన ఒంట్లో ఉండే ఏటీపీ చాలా కొంచెం. కానీ అదే ఏటీపీ ఊడుతూ అతుకుతూ తిరగడం వల్ల, రోజు మొత్తం లెక్కేస్తే మన బరువుకి దగ్గర్లో ఉంటుంది.

మన చాప్టర్‌లో రసాయన మార్పుని వెనక్కి తిప్పడం కష్టమని రాసుకున్నాం కదా. మనం బతికుండడమే దానికి మినహాయింపు. శక్తి పెడితే వెనక్కి తిప్పొచ్చు. పెట్టడం ఆగితే మార్పు ఒకే వైపుకి పోతుంది.

1930లో సుబ్బారావుకి పీహెచ్‌డీ వచ్చింది. కానీ హార్వర్డ్‌లో ఆయనకి స్థిరమైన పెద్ద పదవి మాత్రం రాలేదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాల వివరాలు ఫిస్క్ వల్ల బయటికి రాలేదని, తర్వాత వేరేవాళ్లు వాటిని మళ్లీ కనిపెట్టాల్సి వచ్చిందని అదే విభాగంలో చదివిన జార్జ్ హిచింగ్స్ చాలా ఏళ్ల తర్వాత చెప్పారు. హిచింగ్స్ 1988లో నోబెల్ అందుకున్నారు.

పెర్ల్ రివర్‌లో

1940లో సుబ్బారావు హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లే లాబొరేటరీస్‌లో చేరారు. అది అమెరికన్ సైనమిడ్ అనే కంపెనీకి చెందిన మందుల సంస్థ. రెండేళ్లలో పరిశోధన డైరెక్టర్ అయ్యారు. యూనివర్సిటీలో ఒక టేబుల్ దగ్గర కూర్చున్న మనిషికి ఇప్పుడు పెద్ద పెద్ద టీములు, పెద్ద పెద్ద పాత్రలు చేతికొచ్చాయి. మనసులో మాత్రం పాత ప్రశ్నే. అన్నాన్ని రక్తంగా మార్చే ఆ తెగిన లింకు ఏంటి?

కాలేయం తినిపిస్తే కొన్ని రకాల రక్తహీనత తగ్గుతుందని 1920ల నుంచే తెలుసు. కాలేయంలో ఏముంది? ఇలాంటి పదార్థాన్నే వేరేవాళ్లు 1941లో పాలకూర నుంచి తీశారు. దానికోసం నాలుగు టన్నుల పాలకూర కావాల్సి వచ్చింది. ఆకు నుంచి వచ్చింది కాబట్టి ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ పదంతో ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. అంత ఆకు పిండితే అంత చిటికెడు వచ్చే పదార్థం పేదవాడికి మందెలా అవుతుంది? దాని నిర్మాణం తెలుసుకుని, ఆకుతో పనిలేకుండా ఫ్యాక్టరీలో తయారుచేయాలి. సుబ్బారావు టీము 1945లో అది సాధించింది. ఆకులో ఉన్న అణువు, రియాక్టర్‌లో తయారైన అణువు రెండూ ఒకటే. ఒంటికి తేడా తెలీదు. పదార్థం గుణం అది ఎక్కడ పుట్టిందన్న దాన్ని బట్టి కాదు, దానిలో పరమాణువులు ఎలా అమరాయన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఆ తర్వాత కొద్దికాలానికే స్ప్రూ రోగులకి ఫోలిక్ యాసిడ్ ఇస్తే కోలుకుంటున్నారని డాక్టర్లు చూపించారు. ఇద్దరు అన్నదమ్ములని తీసుకెళ్లిన జబ్బుకి మందు దొరికింది. పాతికేళ్లు ఆలస్యంగా.

ఇవాళ మన దగ్గర గర్భిణులకి అంగన్‌వాడీలో, పీహెచ్‌సీలో ఇచ్చే ఐరన్ మాత్రలో ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. గవర్నమెంట్ స్కూల్లో వారానికొకటి ఇచ్చే నీలం రంగు మాత్రలో కూడా ఉంటుంది.

ఒక్క గ్రూపు తేడా

ఇప్పుడు చెప్పబోయేది నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం.

ఫోలిక్ యాసిడ్ లేకుండా కణం కొత్త డీఎన్ఏ తయారుచేసుకోలేదు. అంటే విభజన జరగదు. రక్త కణాలు వేగంగా పుట్టాలి కాబట్టే ఇది తగ్గితే ముందు రక్తం దెబ్బతింటుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల డాక్టర్ ఉండేవారు. లుకేమియా ఉన్న పిల్లలకి ఆయన ఫోలిక్ యాసిడ్‌కి దగ్గరి సమ్మేళనాలు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా ఇంకా వేగంగా పెరిగినట్టు కనిపించింది. క్యాన్సర్ కణాలకి కూడా ఇదే తిండి అన్నమాట. అయితే ఆ తిండి అందకుండా చేస్తే?

సుబ్బారావు టీము దగ్గర దానికి జవాబు ఉంది. ఫోలిక్ యాసిడ్ అణువులో ఒక చోట ఆక్సిజన్, హైడ్రోజన్ ఉన్న గ్రూపు తీసేసి, నైట్రోజన్, హైడ్రోజన్ ఉన్న గ్రూపు పెట్టారు. మిగతా అణువంతా అలాగే ఉంది. దాని పేరు అమినోప్టెరిన్. కణం దీన్ని ఫోలిక్ యాసిడ్ అనుకుని లోపలికి తీసుకుంటుంది. తీసుకున్నాక పని జరగదు. తాళంలో దూరి తిరగని దొంగ తాళంచెవి లాంటిది. అసలు తాళంచెవికి కూడా చోటుండదు.

ఫార్బర్ దీన్ని 16 మంది పిల్లలకి ఇచ్చారు. 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఫలితాలు ప్రచురించారు. పూర్తిగా నయం కాలేదు, జబ్బు మళ్లీ వచ్చింది. కానీ లుకేమియాని మందుతో వెనక్కి నెట్టొచ్చని ప్రపంచానికి తెలిసింది. ఆ అణువుకి ఇంకో చిన్న మిథైల్ గ్రూపు చేర్చితే వచ్చిందే మెథోట్రెక్సేట్. ఇవాళ క్యాన్సర్ వార్డుల్లోనూ, కీళ్లవాతం ఉన్నవాళ్ల ఇళ్లలోనూ ఉండే మందు. ఈ మందు వాడే చాలామందికి డాక్టర్ పక్కనే ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా రాస్తారు. ఒకే కుటుంబంలో పుట్టిన మందూ, దానికి విరుగుడూ ఒకే చీటీ మీద.

ఇవి కాక ఇంకో రెండు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకి వెళ్లిన అమెరికన్ సైనికులకి ఫైలేరియా పట్టుకుంది. లెడర్లే టీము వందల సమ్మేళనాలు పరీక్షించి 1947లో డైఈథైల్‌కార్బమజిన్ తెచ్చింది. మన రాష్ట్రంలో చాలా జిల్లాల్లో ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తెచ్చి ఎదురుగా మింగించే బోదకాలు మాత్రల్లో అది ఉంటుంది. రెండోది ఆరియోమైసిన్. బెంజమిన్ డగ్గర్ అనే వృక్ష శాస్త్రవేత్త, యూనివర్సిటీ నుంచి రిటైరై 70 దాటాక లెడర్లేలో చేరి, రకరకాల మట్టి నమూనాల్లో సూక్ష్మజీవులని వెతికారు. మిస్సోరీలోని ఒక పొలం మట్టిలో బంగారు రంగు జీవి దొరికింది. అది ఇచ్చిన మందే టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది, 1948లో బయటికొచ్చింది. పేపర్ మీద డగ్గర్ పేరే ఉంది. ఆ పరిశోధన నడిపించిన డైరెక్టర్ పేరు లేదు. 1994లో సూరత్‌లో ప్లేగు భయం పుట్టినప్పుడు జనం ఎగబడి కొన్నది ఈ కుటుంబం మందులనే.

వెనక్కి తిరగని మార్పు

ఇక్కడిదాకా చదివితే ఇది గెలుపు కథ. ఇంకో పక్క కూడా ఉంది.

సుబ్బారావు వెళ్లిన కొన్ని నెలలకి శేషగిరి గారికి కొడుకు పుట్టాడు. ఏడాది నిండకుండానే పోయాడు. తండ్రి ఆ బాబుని చూడలేదు. చదువు కాగానే వస్తానన్న మనిషి డిప్లొమా అన్నారు, తర్వాత పీహెచ్‌డీ అన్నారు, తర్వాత ఫోలిక్ యాసిడ్. ప్రతిసారీ కారణం నిజమే. ప్రతిసారీ పని ముఖ్యమైనదే. 26 ఏళ్లు గడిచాయి. ఆయన ఒక్కసారి కూడా ఇండియా రాలేదు. శేషగిరి గారు అమెరికా వెళ్లలేదు. 1922లో ఓడెక్కాక ఆ భార్యాభర్తలు మళ్లీ కలుసుకోలేదు.

1948 ఆగస్టు 8 రాత్రి నిద్రపోయిన సుబ్బారావు మర్నాడు లేవలేదు. గుండెపోటు. వయసు 53. ఫార్బర్ ఫలితాలు అచ్చయి రెండు నెలలే అయింది. ఆరియోమైసిన్ ప్రకటన వచ్చి కొన్ని వారాలే. మనకి స్వాతంత్ర్యం వచ్చి సరిగ్గా ఏడాది కూడా నిండలేదు.

పుస్తకాల్లో, పోస్టర్లలో ఆయన త్యాగం గురించి రాస్తారు. నిజమే. కానీ ఆ త్యాగంలో సగం శేషగిరి గారిది. ఆవిడని ఎవరూ అడిగి చేయించిన త్యాగం కాదు అది. సుబ్బారావు గొప్పతనం తగ్గించడానికి కాదు ఈ మాట. మూడేళ్లలో వచ్చేస్తానని మనలో చాలామంది ఇంట్లో చెప్పబోతున్నాం. ఏ రోజూ ఎవరూ ఇక తిరిగి రాకూడదని నిర్ణయం తీసుకోరు. ఏటీపీ లాగే, వెనక్కి తిప్పడానికి కూడా శక్తి పెట్టాలి. పెట్టకపోతే మార్పు దానంతటదే ఒక వైపుకి జరిగిపోతుంది.

పటాన్‌చెరుకి దీంతో ఏం పని?

ఆయన పోయాక మందుల తయారీ మన దగ్గరికి వచ్చింది. బాలానగర్‌లో ఐడీపీఎల్ ఫ్యాక్టరీ పెట్టారు. 1970 పేటెంట్ చట్టం మందు అనే పదార్థానికి కాకుండా, దాన్ని తయారుచేసే దారికి మాత్రమే పేటెంట్ ఇచ్చింది. అంటే అదే అణువుని వేరే స్టెప్పులతో చేస్తే తప్పు లేదు. ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్నవాళ్లు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు. కల్లం అంజిరెడ్డి గారు వాళ్లలో ఒకరు. అలా బాలానగర్ నుంచి పటాన్‌చెరు, బొల్లారం దాకా ఈ బెల్టు పెరిగింది. నాలుగు టన్నుల పాలకూరతో పనిలేకుండా మాత్ర రూపాయల్లో దొరకడానికి ఇలాంటి బెల్టులే కారణం. ఇది గర్వపడాల్సిన విషయమే.

కానీ చాప్టర్‌లో ఇంకో నియమం ఉంది. ద్రవ్య నిత్యత్వ నియమం. పదార్థం మారుతుంది, మాయమవదు. డ్రమ్ములో లోపలికి వెళ్లిన ప్రతి గ్రామూ ఎక్కడో ఒక చోట బయటికి రావాలి. మాత్రలో రానిది కాలవలో వస్తుంది, లేదా గాలిలో వస్తుంది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు దగ్గర దాదాపు 90 మందుల కంపెనీల మురుగుని శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొస్తున్న నీటిని పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే దానికన్నా ఇది ఎక్కువ. ఆ నీళ్లు చేరే వాగులు చివరికి మంజీరలో కలుస్తాయి.

రోగి ఒంట్లో ఉంటే ఆ అణువు ప్రాణం పోస్తుంది. వాగులో ఉంటే బ్యాక్టీరియాకి మందుని తట్టుకోవడం నేర్పిస్తుంది. అణువు ఒకటే, చోటు వేరు. అలా తట్టుకోవడం నేర్చిన బ్యాక్టీరియా ముందు సుబ్బారావు తరం మనకిచ్చిన ఆయుధాలు ఒక్కొక్కటే మొద్దుబారిపోతాయి. ఇక 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీ పేలి 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. అందులో చాలామంది వేరే రాష్ట్రాల నుంచి పనికోసం వచ్చినవాళ్లు. వాళ్లు కూడా కొన్నేళ్లలో తిరిగొస్తామని ఇంట్లో చెప్పి వచ్చినవాళ్లే అయ్యుంటారు.

మిగిలింది

సుబ్బారావుకి నోబెల్ రాలేదు. 1953లో ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. 1995లో శతజయంతికి మన ప్రభుత్వం తపాలా బిళ్ల వేసింది. వీటన్నిటికన్నా ఎక్కువగా వాడకంలో మిగిలింది ఆ నీలం రంగు. చెరువుల్లో, బోరు నీళ్లలో ఫాస్ఫేట్ ఎంతుందో చూడ్డానికి ఇప్పటికీ మాలిబ్డేట్ కలిపి నీలం రంగునే కొలుస్తారు. కలిపే రెండో రసాయనం మారింది, సూత్రం అదే.

కాబట్టి ఒక ప్రపోజల్. వచ్చే సెమిస్టర్‌లో కెమిస్ట్రీ లాబ్ వాళ్లతో మాట్లాడి, పటాన్‌చెరు సాకి చెరువు నుంచి ఒక సీసా, నక్కవాగు నుంచి ఒక సీసా, మన హాస్టల్ కుళాయి నుంచి ఒక సీసా తెచ్చి ఫాస్ఫేట్ కొలుద్దాం. ఫాస్ఫేట్ ఒక్కటీ తెలిస్తే మందుల కాలుష్యం మొత్తం తెలిసిపోదు, ఆ సంగతి ముందే చెప్తున్నా. కానీ ఎక్కడో ఒక చోట మొదలుపెట్టాలి కదా. ఆయన కూడా భాస్వరంతోనే మొదలుపెట్టారు. రీడింగులు తీయడానికి ఇద్దరు, గ్రాఫులు వేయడానికి ఒకరు కావాలి. పేర్లు క్లబ్ గ్రూపులో ఇవ్వండి. వచ్చిన అంకెలు, అవి ఎలా ఉన్నా సరే, వచ్చే సంచికలో వేద్దాం.